సగం పేజీ

లా పాస్
జనవరి 25

ప్రియమైన సుల్మా అక్కకి,

నీ మనవరాలి ఫొటో చూశాను. ముక్కు నీదే వచ్చింది, పాపం. కింద తరీహా ఎండ నీకు బాగా పడినట్టుంది, ముఖం తేటగా ఉంది. ఫోన్ చెయ్యకుండా ఈ కాగితం ఎందుకని అనుకుంటావు. ఫోన్‌లో నీ గొంతు వింటే నువ్వు ఏమన్నా నేను సరేనంటాను. పదేళ్ళుగా అదే జరుగుతోంది. అందుకే రాసి, కవరు అంటించి, తరీహా బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. అది నీకు చేరేలోపు నేను మనసు మార్చుకున్నా, వెనక్కి తీసుకునే వీలుండదు.

మన పరిశోధనల ఆఫీసులో రోమాన్ ప్రతి సోమవారం పంపే జాబితా ఈ వారం కూడా వచ్చింది. గబ్బిలాల మీద పనిచేసేవాళ్ళకి ఒక ఫెలోషిప్. భౌతికశాస్త్రం చదివిన ఆడవాళ్ళకి ఒకటి, నలభై దాటకూడదట. గణితాన్నీ సంగీతాన్నీ కలిపి ఎవరైనా చదువుతుంటే వాళ్ళకి జర్మనీలో ఏడాది పాటు బస. చరిత్రవాళ్ళం ఎప్పటిలాగే అట్టడుగున ఉన్నాం: సూక్రే పత్రాగారంలో ఒక్క మనిషికి ఒక్క ఏడాది. దానికి నాలుగు వరసల పైన మనది ఉంది, ఆండీస్ నీటి నిధి. రెండు వేరు వేరు శాఖలవాళ్ళు కలిసి అడగాలి. ఒకరు ప్రధాన పరిశోధకులు, ఒకరు సహపరిశోధకులు, మూడేళ్ళు. రోమాన్ దాని పక్కన చేత్తో 'సుల్మా ఇంజనీరుగారికి, నెలిదాకి' అని రాశాడు. మంచివాడే. కానీ ఆ వరస చూడు, ఆ గారు ఎక్కడుందో చూడు.

అక్కా, ఈసారి నేను నీతో కలవడం లేదు. సూక్రేకి ఒక్కదాన్నే దరఖాస్తు పెడతాను. రెండిటికీ గడువు ఫిబ్రవరి ఆఖరే.

ఇది రాశాక లేచి టీ పెట్టుకుని వచ్చాను. మళ్ళీ చదువుకుంటే నాకే కఠినంగా అనిపించింది. కొట్టెయ్యలేదు.

మనం కలిసి పెట్టిన ప్రతి దరఖాస్తులోనూ నీ భాగం, హాంకోకోటా సరస్సు మట్టం, మంచు కరిగే లెక్కలు, పటాలు, అన్నీ పేజీలకి పేజీలు ఉంటాయి. చివర్లో 'సామాజిక అంశం' అనే శీర్షిక కింద సగం పేజీ వస్తుంది. అది నేను. మూడు వందల ఏళ్ళ పాటు ఆ సరస్సు కింది ఊరి క్రైస్తవ గుడి పూజారులు ఏ ఏడు మంచు కాటేసిందో, ఏ ఏడు వానకోసం ఊరేగింపు తీశారో రాసిపెట్టిన పుస్తకాలు సగం పేజీ. సూపు మీద చల్లే ఆకులా ఉంటాను నేను. లేకపోతే వెలితిగా ఉంటుంది, కానీ ఆకలి తీర్చేది అది కాదు. ఇలా ఎప్పుడో నీతో అనాల్సింది. నాదే అతి ఆలోచనేమోనని ఊరుకున్నాను. ఇప్పటికీ ఆ అనుమానం పోలేదు.

కానీ నవంబరు సంగతి నా అనుమానం కాదు. గుడి తాళాలు దగ్గరుంచుకునే దోన్ మెలితోన్, నేను ఎంత బతిమాలితే ఆ రోజు ఆ పుస్తకాల పెట్టె తెరుస్తానన్నాడో నీకు తెలుసు. ఊళ్ళో జీపు ఆగగానే నువ్వు నీ కొలకర్ర నా చేతిలో పెట్టి, "నువ్వు పైకెళ్ళి మట్టం చూసి రా. నాకు ఇక్కడ పెద్దమనుషులతో పనుంది" అన్నావు. నేను కొండెక్కాను. దిగేసరికి మెలితోన్ గుడికి తాళం వేసుకుని పొలానికి వెళ్ళిపోయాడు. నువ్వు అతని వరండాలో దుప్పటి కప్పుకుని కోకా ఆకుల టీ తాగుతున్నావు. పెద్దమనుషులెవరూ లేరు. తిరుగుదారంతా నువ్వు కళ్ళు మూసుకుని కూర్చున్నావు, నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. నా కాళ్ళు నీకు పనికొచ్చాయి, నా పని పనికిరాలేదు. ఇంటికొచ్చాక అనుకున్న మాట ఇది.

నిన్న అలాసితా సంతకి వెళ్ళాను. ఒక్కదాన్నే. ఆ ఏడు ఏది కావాలో దాని చిట్టి బొమ్మ ఏటా నాకు నువ్వు, నీకు నేను కొనేవాళ్ళం కదా, ఎవరి కోరిక వాళ్ళే కొనుక్కోకూడదని. ఈసారి మధ్యాహ్నం గంట కొట్టేవేళకి ఆ బొమ్మల మధ్య నిలబడితే నాకు కొనిపెట్టేవాళ్ళు ఎవరున్నారా అనిపించింది. మన దోన్యా ఉస్తాకియా కొట్టు అక్కడే ఉంది, ఆవిడకే మనం గుర్తుండం. చిట్టి ఇళ్ళు, చిట్టి పాస్‌పోర్టులు, చిట్టి డిగ్రీలు. వేలెడంత కాగితం మీద బంగారు అక్షరాలతో 'పరిశోధన ఒప్పందం' అని, కింద పేర్లకి రెండు గీతలు. అది తీశాను.

"ఎవరికమ్మా?" అంది.

"నాకే."

"నీకు నువ్వే కొనుక్కుంటే అదెందుకు పలుకుతుంది? ఇంట్లో ఎవరూ లేరా?"

"ఉన్నారు. తరీహాలో."

"మొగుడా?"

"ఇంజనీరు."

"ఏ మొగుడైనా ఏదో ఒకటి చేస్తాడులే. ఇవాళ్టి పూట కూడా రాకపోతే ఎలా?" అని, పక్కన చిట్టి మినీబస్సు పట్టుకుని బేరమాడుతున్నతన్ని కేకేసింది. "ఓ సెవెరో, సిగ్గులేకుండా నీది నువ్వే కొనుక్కుంటున్నావుగా. ఈ డాక్టరమ్మకి కాగితం నువ్వు కొను, నీ బండి ఆవిడ కొంటుంది. ఇద్దరి పాపం పోతుంది."

అలా ఎవరో తెలియని మనిషికి నేను బస్సు కొన్నాను. అతను నాకు కాగితం కొని, కొట్లో పెన్ను తీసుకున్నాడు.

"పేరు చెప్పండి."

చెప్పాను.

"రెండు గీతలున్నాయి. పైనా, కిందా?"

"పైన" అన్నాను. ఎంత తొందరగా అన్నానో అక్కా, అతను నా ముఖంలోకి చూశాడు.

"మరి కిందది?"

"ఖాళీగా ఉండనివ్వండి."

"ఖాళీ సీటుతో బండి తియ్యకూడదు మేడమ్, గిట్టదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అంతలో గంటలు మోగాయి, అందరం కొన్న బొమ్మలు పట్టుకుని దీవెన కుంపటి పొగలోకి చేతులు చాచాం, పూలరేకులూ వైనూ మీద పడ్డాయి. ఇంటికొచ్చి కాగితం ఆరబెట్టాను. కింది గీత అలాగే ఉంది.

కోపం తెచ్చుకో. కానీ ఫోన్ చెయ్యకు.

నీ
నెలిదా


తరీహా
ఫిబ్రవరి 6

ఒసే నెలిదా,

నీ ఉత్తరాన్ని ఆ డ్రైవరు జేబులో పెట్టుకుని ఎన్ని ఊళ్ళు తిప్పాడో, చుట్ట కంపు కొడుతూ వచ్చింది. చదివాను. రెండోసారి మా అల్లుడికి కనబడకుండా పెరట్లో ద్రాక్షతీగల కింద చదివాను. ఫోన్ చెయ్యొద్దన్నావు, చెయ్యడం లేదు. నాకు నీలా రాయడం రాదు. వరసగా చెబుతాను, విను.

నేను ఇక్కడికి మనవరాలి కోసం రాలేదు. అదీ ఒక కారణమే, కానీ అసలుది కాదు. నా గుండె కుడివైపు ఉబ్బింది. రక్తం బెల్లంపాకంలా చిక్కబడిందట. సెప్టెంబరులోనే డాక్టరు చెప్పాడు, "అమ్మా, నువ్వు కిందికి దిగి బతకాలి, ఇంక కొండ మాట ఎత్తకు" అని. లా పాస్‌లో పుట్టి, లా పాస్‌లో ముసలిదాన్నయ్యాను. ఎత్తు పడటం లేదని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? ఎత్తు పడనిది విమానం దిగిన పరాయివాళ్ళకి. వాళ్ళని చూసి మనం ఎంత నవ్వుకునేవాళ్ళమో గుర్తుందా. ఎవరికీ చెప్పలేదు. నీకు అసలే చెప్పలేదు. నీకు చెబితే అది నిజమైపోతుంది.

నవంబరులో జీపు దిగేసరికి నాకు ఊపిరి అందలేదు. పెదాలు నల్లబడ్డాయని మెలితోన్ పెళ్ళాం పట్టుకెళ్ళి వరండాలో కూర్చోబెట్టింది. దుప్పటి ఆవిడదే. పెద్దమనుషులన్నది అబద్ధం. దారంతా కళ్ళు మూసుకున్నది నీ ముఖం చూడలేకే. గుడి పెట్టె సంగతి మాత్రం నాకు గుర్తే లేదు. గుర్తుంటే కర్ర నీ చేతికి ఇచ్చేదాన్ని కాదని చెప్పాలనుంది, కానీ ఏమో, ఇచ్చేదాన్నేమో. అది నా గుండె చేసిన తప్పు కాదు, నేను చేసిందే.

సగం పేజీ సంగతి. నువ్వన్నది నిజం. మొదటి ఏడు నీ భాగం నాలుగు పేజీలు పెట్టాం, మరిచిపోయావా? 'నీటి లెక్కల్లో చరిత్ర ఎందుకు' అని తిప్పికొట్టారు. నిన్ను దరఖాస్తులో ఉంచడానికే తగ్గించాను. ఆ తర్వాత గ్రాంటు వచ్చింది, మళ్ళీ పెంచాలని నాకు తట్టలేదు. పైన కూర్చున్నవాళ్ళకి అలవాటు సుఖంగానే ఉంటుందే పిల్లా.

డిసెంబరులో ఈసారి దరఖాస్తు తిరగేసి రాయడం మొదలుపెట్టాను. నువ్వు ప్రధానం, నేను సహాయం. చెప్పలేదు, ఎందుకని అడుగుతావు కనక. నా పని సగం పేజీలో ఎలా ఉంటుందో రాసి చూశాను. కడుపు మండిపోయింది. కాగితం చింపేసి మా కూతురితో దెబ్బలాడాను, పాపం దానికేం తెలియదు. అయినా పై పేరు నీదే, ఆ మాట మార్చను.

ఇంకొకటి. నువ్వు ఇప్పుడు మంచం మీద కూర్చుని, ఆ సంతలో పై గీత అడగబట్టే నాకిలా అయిందని ఏడుపు మొదలుపెట్టి ఉంటావు. నిన్ను నేనెరగనా. నా గుండె సెప్టెంబరులో ఉబ్బింది, నీ సంత జనవరిలో. అంత మహిమ నీకు లేదు.

సూక్రే వెళ్ళాలనిపిస్తే వెళ్ళు. అలగను. అలిగినా నీకు తెలియనివ్వను. నువ్వు లేకపోతే ఈ దరఖాస్తు లేదు, నేను ఆ సరస్సు ఎలాగూ మళ్ళీ చూడను, ఇక దాన్ని కొలిచేవాళ్ళూ ఉండరు. నిన్ను కట్టెయ్యడానికి చెప్పడం లేదు. చెప్పకపోతే మళ్ళీ దాచినట్టవుతుంది.

సుల్మా

(పిల్లకి పేరు పెట్టలేదు ఇంకా. మా అల్లుడు ఏదో టీవీ పేరు అంటున్నాడు. మంచిది చెప్పు.)


లా పాస్
ఫిబ్రవరి 27

ప్రియమైన సుల్మా అక్కకి,

మంచం మీద కాదు, వంటింట్లో నేల మీద కూర్చున్నాను. మిగతా అంతా నువ్వన్నట్టే.

రెండు రోజులు నీ మీద కోపంతోనే ఉన్నాను. మూడు నెలల పాటు జబ్బుమనిషి మీద కోపం పెట్టుకునేలా చేశావు నన్ను. ఒక్క మాట చెబితే నీ కర్ర మోసినందుకు గర్వపడి ఉండేదాన్ని. మళ్ళీ నాకే సందేహం: నిజంగా గర్వపడేదాన్నా, లేక పోన్లే పాపం అని జాలిపడేదాన్నా? నువ్వు దాచింది ఆ జాలినేనేమో. పాత పుస్తకాల్లో మూడు వందల ఏళ్ళ కిందటి పూజారి చెయ్యి ఎక్కడ వణికిందో చెప్పగలను. పక్క సీట్లో కూర్చున్న నీ పెదాలు చూడలేదు.

నాకు కావలసింది పై గీత. అది వచ్చింది. ఇలా వస్తుందని తెలిస్తే అడిగేదాన్నా అని ఈ మూడు వారాలూ నన్ను నేను అడుగుతున్నాను. అడిగేదాన్నే అక్కా. సిగ్గుగానే ఉంది, కానీ ఇప్పుడు అబద్ధాలు వద్దనుకున్నాం కదా. ఆ గీత నాకు ఎప్పుడో రావలసిందే. నీ గుండె బాగుండగా రావలసింది.

సూక్రేకి పెట్టలేదు. నిన్న మనది పంపించాను. రోమాన్ చూసి, "ఇదేమిటి, నీ పేరు ముందు పడింది, పొరపాటా?" అన్నాడు. "పొరపాటు దిద్దాం" అన్నాను. అతనికి అర్థం కాలేదు. తర్వాత తీరిగ్గా అర్థం చేసుకుంటాడు.

పంపేముందు ఒక సంగతి జరిగింది. సహపరిశోధకురాలి పాత్ర రాయమన్న చోట నీ గురించి రాసి, వెనక్కి వాలి చూసుకున్నాను. సగం పేజీ. కావాలని చెయ్యలేదు. చెయ్యి దానంతట అదే అక్కడ ఆగిపోయింది. ఆ కాసేపు నాకు హాయిగా కూడా అనిపించింది, ఆ హాయి చూసి భయపడ్డాను. అంతా తీసేసి మొదటినుంచి రాశాను. నీదొక భాగం నాదొక భాగం అని విడదియ్యలేదు. పూజారి 'ఈ ఏడు సరస్సు కొండమీది శిలువ మెట్టు దాకా వచ్చింది' అని రాసిన చోట, ఆ మెట్టు నేటి మట్టానికి ఎంత ఎత్తులో ఉందో నీ కొలత పెట్టాను. ఏడు వెంట ఏడు అలాగే. శీర్షికలు లేవు. ఇలా ఉంటే తిప్పికొడతారేమో. చరిత్ర ఎందుకని వాళ్ళు మళ్ళీ అడగొచ్చు, ఈసారి నీళ్ళెందుకని కూడా అడగొచ్చు. జూన్ దాకా తెలియదు.

ఆ మెట్టు కొలవడానికి పోయిన వారం వెళ్ళాను. మెలితోన్ జీపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఈసారి ఏది ముందు, డాక్టరమ్మా? కొండా, పుస్తకమా?"

"పుస్తకం."

"అమ్మయ్య. పోయినసారి పెట్టె తెరిచి మధ్యాహ్నం దాకా చూశాను. మీ చదువుకున్నవాళ్ళ తీరే ఇంత, పిలిచి పారిపోతారని మా ఆవిడతో అన్నాను." ఆవిడ నీ గురించి అడిగింది. కింద ఊళ్ళో ఉంటున్నావని చెప్పాను. "ఆ దుప్పటి ఇక ఆవిడదే, ఎప్పుడొచ్చినా ఉంటుంది" అంది. పుస్తకం చూశాక కొండెక్కాను. మట్టం రెండుసార్లు చదివాను. నువ్వుంటే 'ఒక్కసారి చాలు, నీ అనుమానాలు తగలెయ్య' అనేదానివి. అంకెలు వేరే కాగితంలో పెట్టాను. లెక్కలు నువ్వే వెయ్యాలి, నాకు రావు, ఇకముందు కూడా రానివ్వను.

సంత ఇంకా ఎత్తెయ్యలేదు. మళ్ళీ ఉస్తాకియా దగ్గరికి వెళ్ళాను.

"ఏమ్మా, మీ ఇంజనీరు తిరిగొచ్చాడా?"

"రాడు. ఇక కిందే ఉంటాడు."

"ఇంకెవర్తెనైనా చూసుకున్నాడా?"

"ఒకత్తి ఉంది. ఇంకా పేరు పెట్టలేదు" అన్నాను. ఆవిడ నా వైపు జాలిగా చూసి పెన్ను ఇచ్చింది.

ఆ చిట్టి ఒప్పందం దీంతో పాటు పంపుతున్నాను. పైన నా పేరు సెవెరో చేతిరాత. కింద నీ పేరు నేను రాశాను, మనది మనం రాసుకోకూడదు కదా. కొట్లో పెన్ను మొద్దుది, కాగితం వేలెడంత. నీ పేరు గీత మీద పట్టక పైకి పాకి నా పేరుకి తగిలింది. ఉస్తాకియా ఇంకోటి ఇస్తానంది. వద్దన్నాను.

పిల్లకి బాసిలియా అని పెట్టండి. మన పాత పూజారి పుస్తకంలో ఆ పేరుగల ఒకావిడ ఉంది, ఊరేగింపులో అందరికంటే ముందు నడిచిందట.

నీ
నెలిదా