సముద్రానికి వీపు తిప్పిన దొరసాని

తంగెళ్ళమూడి, ఏలూరు
14-8-2005, ఆదివారం

నా బంగారు తల్లి జోయాకి మీ దాదీ సాబిరా సలాములు, దువాలు. అల్లా దయ వల్ల ఇక్కడ అందరం లేచి తిరుగుతున్నాం. అక్కడ మీరంతా అలాగే ఉండాలని అయిదు పూటలా అడుగుతున్నాను.

నీ ఒంట్లో ఎలా ఉందమ్మా? సముద్రపు గాలికి పట్టిన దగ్గు తగ్గిందా? నీతో రూములో ఉండే పింకీ కులాసాయేనా, ఆ పిల్ల పన్ను నొప్పికి డాక్టరుకి చూపించుకుందా? మీ హాస్టల్లో వంట చేసే సువార్తమ్మ గారికి నడుం ఎలా ఉంది? మేనేజరు రాజరత్నం గారికి బీపీ అన్నావు, మాత్రలు వేసుకుంటున్నారా? మీ భీమిలి హోటలు గేటు దగ్గర కూర్చునే జోగారావు గారు ఎలా ఉన్నారు? వానాకాలం ఆయన కాలు సలుపుతుందని రాశావు. ఎడమ కాలా, కుడి కాలా? రాయడం మర్చిపోయావు. ఈసారి మర్చిపోకు.

ఇక్కడ సంగతులు. మీ నాన్న ఖలీద్‌కి మోకాళ్ళ నొప్పి, అయినా షాపు మూయడు. మీ అమ్మ షబానా బాగుంది. నేనూ బాగానే ఉన్నాను, నిద్ర లేదంతే. తమ్మిలేరుకి నీళ్ళు వదులుతారని పొద్దున ఒకాయన అన్నాడు, వదలరని సాయంత్రం ఇంకొకాయన అన్నాడు. నేను మాత్రం బియ్యం డబ్బా అటక మీద పెట్టించాను. కొల్లేరు పొంగుతోందని, దెందులూరు వైపు చెరువుల్లో చేపలు గట్టు దాటిపోతున్నాయని పాలు పోసే పాపారావు చెప్పాడు. మనకి చెరువూ లేదు, చేపా లేదు. అయినా అవి ఏమైపోతాయోనని ఒకటే ఆలోచన. మీ అమ్మ నవ్వి, అత్తయ్యా, దిగులు లేని రోజు ఉంటే ఎందుకు లేదా అని మళ్ళీ దిగులు పడతారు మీరు అంటుంది. పుట్టుకతోనే ఇలా ఉన్నానని మీ అందరి ఉద్దేశం. సరే, అననీ.

నీ ఉత్తరం బుధవారం అందింది. మూడో తరగతి చదువు కదా, కూడబలుక్కుని చదివేసరికి శుక్రవారం అయింది. చదివి దిండు గలీబులో దాచాను. మీ నాన్నకి చూపించలేదు. చూపిస్తే ఏమంటాడో నీకూ తెలుసు. డిప్లొమా చదివించాను, ఉద్యోగానికీ పంపుతున్నాను, ఏడుస్తూ తిరిగొస్తే మాత్రం మళ్ళీ ఊరు దాటనివ్వను అని నిన్ను రైలెక్కించేటప్పుడే అన్నాడు. వాడు అన్న మాట మీద నిలబడే మనిషి. అదే నా భయం.

నువ్వు రాసింది సరిగ్గా చదివానో లేదో, మళ్ళీ రాస్తాను చూడు. సెప్టెంబరు ఒకటో తారీఖు నుంచి మేడమీది గదుల బాధ్యత అంతా నీకే ఇస్తారట. చేరి ఏడాది కాకుండా ఎవరికీ ఇవ్వలేదట. కానీ ఆ మేడమీది పెద్ద హాల్లో తెల్లబట్టల దొరసాని తిరుగుతుందని హోటలంతా చెప్పుకుంటారట. చీకటి పడే వేళ తోటలోంచి చూస్తే కిటికీలో నిలబడి ఉంటుందట. నిలువునా నేలలోకి మునిగిపోయి మళ్ళీ లేస్తుందట. మూడోసారి మునిగాక ఇక లేవదట. ఓడ మీద వెళ్ళిన మొగుడు తిరిగి రాలేదని సముద్రం మీద కోపమట, అందుకే ఎప్పుడూ సముద్రానికి వీపు తిప్పి నిలబడుతుందట. మొహం ఇంతవరకు ఎవరూ చూడలేదట. వెనకటికి తలుపు మూసి ఉన్న ఆ హాల్లోంచి పట్టపగలు కత్తెర చప్పుడు వచ్చేదట, జుట్టు కత్తిరించుకుంటోంది అనుకునేవారట. మొన్న పింకీ అడుగుల చప్పుడు కూడా విందట. కట్టుకథ అనుకుందామంటే జోగారావు గారు కళ్ళారా చూశారట. ఆ భయానికే తోట మెట్ల మీంచి పడి కాలు విరిగిందట, ఆ కాలు చూపించి మరీ చెబుతారట. నువ్వు పగలు కూడా ఒంటరిగా పైకి ఎక్కడం లేదట. ఒకటో తారీఖు రాకుండానే మానేసి వచ్చేస్తావట.

తల్లీ, ఇది చదివి నేను రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఒంట్లో బాలేదని మీ అమ్మతో అబద్ధం చెప్పాను.

ఫోన్ చెయ్యమన్నావు. ఫోను షాపులో ఉంది, మీ నాన్న కుర్చీ పక్కనే. కుర్చీ వెనకే మీ దాదా మొహిద్దీన్ సర్టిఫికెట్ అద్దం కట్టించి ఉంది. నీ చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. మీ భీమిలి హోటలు తెల్లదొరల నాటిది, ఆ హాల్లో పరిచిన ఎర్ర తివాచీ మన ఏలూరులో నేసినది. ఉప్పుగాలికి అది పాడైపోతే అరవై ఎనిమిదిలో బాగు చెయ్యడానికి వెళ్ళింది మీ దాదాయే. పాత నేత ఎక్కడో కొత్త నేత ఎక్కడో కనిపెట్టలేకపోయామని, ఇలాంటి చెయ్యి జిల్లాలోనే లేదని అప్పటి మేనేజరు రాసిచ్చాడు. షాపుకి ఎవరొచ్చినా మీ నాన్న ముందు అది చూపిస్తాడు. మా నాన్నగారి చెయ్యండీ అది అంటాడు, తర్వాతే తివాచీలు పరుస్తాడు. నీకు అక్కడ ఉద్యోగం అడగాలని తోచింది కూడా ఆ కాగితం చూసే కదా. దాని ఎదురుగా నిలబడి ఫోన్లో నేనేం మాట్లాడను? అందుకే ఉత్తరం.

ఇంతకీ నా మాట. తొందరపడి మానెయ్యకు. లేదు, మరీ భయం వేస్తే ఉండొద్దు, వచ్చెయ్. వద్దు వద్దు, నేను ఇంకో కబురు చేసేదాకా ఆగు. మెట్లెక్కేటప్పుడు భయం పోవడానికి ఆయతుల్ కుర్సీ చదువుకో. కమ్మీ పట్టుకో. పింకీని తోడు తీసుకెళ్ళు, ఇద్దరూ పక్కపక్కన నడవకండి, ఒకరు జారితే ఇద్దరూ పడతారు. సముద్రంలో కాళ్ళు తడపకు. పెరుగు తినకు, దగ్గు మళ్ళీ వస్తుంది. జోగారావు గారిని ఆ తోట మెట్ల మీద మాత్రం కూర్చోనివ్వకు. రాజీనామా కాగితం రాసి ఉంటే చింపొద్దు, ఇవ్వొద్దు, పెట్టెలో పెట్టి తాళం వెయ్యి.

దెయ్యాలు ఉన్నాయా లేవా చెప్పు దాదీ అని రాశావు. చెప్పడానికి నేనేం చదువుకున్నాను? ఆ దొరసాని నిన్నేమీ చెయ్యదని మాత్రం నాకు తెలుసు. ఎలా తెలుసని అడక్కు.

ఉంటాను తల్లీ. అందరినీ అడిగానని చెప్పు.

నీ మీదే కళ్ళు పెట్టుకుని ఉన్న
మీ దాదీ
సాబిరా

తా.క. మంగళవారం. నిన్న కవరు అంటించి పోస్టు డబ్బా దాకా వెళ్ళాను. సగం లోపల పెట్టి మళ్ళీ లాక్కున్నాను. ఇంటికొచ్చి టీ గిన్నె ఆవిరికి కవరు ఊడదీశాను. కొత్త కవరు దండగ అని కాదు, అసలు సంగతి రాయకుండా అంత పొడుగు ఉత్తరం పంపడానికి సిగ్గేసింది.

జోయా, ఆ దొరసానిని నేనే.

భయపడకు, నేను బతికున్నదాన్నే. అరవై ఎనిమిదిలో మీ దాదాతో నేనూ వెళ్ళాను. మీ నాన్నకి అప్పుడు నాలుగేళ్ళు, నల్లజర్లలో మా అక్క దగ్గర వదిలాం. హోటలు వెనక మాకో షెడ్డు ఇచ్చారు. మొగుడికి వండిపెట్టడానికి వచ్చిందని అందరూ అనుకున్నారు. అసలు సంగతి, మీ దాదాకి అప్పటికే దగ్గర చూపు పోయింది. చిన్నప్పటి నుంచి మగ్గం ముందు కూర్చున్న కళ్ళు. కళ్ళజోడు పెట్టినా నీలం ఏదో ఆకుపచ్చ ఏదో తెలిసేది కాదు, ముడి వేస్తే పక్క పోగు మీద పడేది. ఆ మాట బయటికి పొక్కితే ఏలూరులో ఆయనకి మళ్ళీ ఎవరూ పనివ్వరు. అందుకని మేనేజరుతో, మా పని రహస్యమండీ, తలుపు వేసుకునే చేస్తాను, ఎవరూ లోపలికి రాకూడదండీ అని చెప్పారు. పొద్దున్నే వెనక మెట్ల మీంచి నేను పైకి వెళ్ళేదాన్ని. ముళ్ళన్నీ నేను వేశాను. ఆయన పక్కన కూర్చుని ఉన్ని అందించేవారు, వేళ్ళతో తడిమి ఇక్కడ వదులుగా ఉంది, విప్పు అనేవారు. ఆయన వేళ్ళకి మాత్రం అంతా తెలుసు. ఆ మాటా రాయాలి. కత్తెర చప్పుడంటావా, పైకి లేచిన ఉన్నిని సమంగా కత్తిరించిన చప్పుడు. జుట్టు కాదు.

ఆఖరి రోజు ఇంకో చెయ్యెడు పని మిగిలింది. పొద్దు గుంకి మగ్రిబ్ వేళయింది, కిందకి దిగి మళ్ళీ ఎక్కితే ఎవరి కంటైనా పడతానని అక్కడే నమాజుకి నిలబడ్డాను. తెల్ల దుపట్టా తల మీంచి కప్పుకున్నాను. నమాజుకి మొహం తిప్పే కాబా మనకి పడమట. మీ సముద్రం తూర్పున. ఇంక నా వీపు ఎటు ఉంటుంది చెప్పు. సముద్రం మీద నాకు ఏ కోపమూ లేదమ్మా, ఇరవై రోజులున్నా దాన్ని తీరిగ్గా ఒకసారి చూసింది కూడా లేదు. సజ్దాకి వంగి నుదురు నేలకి ఆనిస్తే కిటికీ గోడ చాటుకి పోతాను. లేస్తే మళ్ళీ కనిపిస్తాను. మగ్రిబ్‌కి మూడు రకాతులని, మూడుసార్లు నిలబడి నేలకి వంగాలని నీకు చెప్పాలా? మూడోది అయ్యాక కూర్చునే ముగిస్తాం, ఇంక లేచేదెక్కడ?

ఆఖరి సజ్దాలో ఉండగా కింద కేక వినిపించింది, వెంటనే ఏదో పడిన చప్పుడు. నమాజు ముగించి కిటికీ దగ్గరికి పరిగెత్తబోతే మీ దాదా చెయ్యి పట్టుకున్నారు. నువ్వు కనపడకు, నేను చూసొస్తాను అన్నారు. తోటలో దీపాలు వెలిగించడానికి వచ్చిన జోగారావు గారు మెట్ల కింద పడి ఉన్నారట. ఆయన్ని భుజాన వేసుకుని జట్కా దాకా మోసింది మీ దాదాయే. జోగారావు గారికి అప్పుడు పాతికేళ్ళుంటాయి, కొత్తగా పెళ్ళయింది. షెడ్డు దగ్గర మజ్జిగ అడిగి తాగేవారు, మా ఆవిడ కూడా ఇంత చిక్కగా చెయ్యదండీ అనేవారు. నల్ల బురఖాలో షెడ్డు దగ్గరున్న మనిషిని రోజూ చూశారు. తెల్ల దుపట్టాలో మేడమీద ఉన్నది ఆ మనిషేనని ఆయనకెలా తెలుస్తుంది? జట్కాలో కూడా దొరసాని, దొరసాని అంటూనే ఉన్నారట. మీ దాదా ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మర్నాడు బండెక్కాక చేతిలో చెయ్యి వేయించుకుని, ఎవరికీ చెప్పకు సాబిరా అన్నారు. ఆయన పోయి పదకొండేళ్ళు. ఆ మాట ఇన్నాళ్ళూ దాటలేదు.

నా దిగులు పుట్టుకతో వచ్చింది కాదు తల్లీ. ఆ మెట్ల దగ్గర పట్టుకుంది. అప్పటినుంచి ఎక్కడ ఎవరు జారిపడ్డారని విన్నా నా వల్లే అనిపిస్తుంది.

చెప్పమని మీ దాదా అనేవారా? రెండు రోజులు అదే ఆలోచించాను. అనేవారు కాదేమో. అయినా ఆయన పేరు నిలబెట్టబోయి పుట్టించిన దెయ్యం ఆయన మనవరాలినే ఉద్యోగం మానిపించి ఇంట్లో కూర్చోబెడుతుంటే నేను నోరు మూసుకుని ఎలా ఉండను?

నమ్మకం కుదరకపోతే పగటి పూట పింకీతో పైకి వెళ్ళు. మెట్ల వైపు నుంచి మూడో కిటికీ కింద తివాచీ అంచు తిరగేసి చూడు. అక్కడంతా ఎర్ర ఉన్ని. ఆ ఎరుపులో పక్కపక్కన మూడు ఆకుపచ్చ ముళ్ళు ఉంటాయి. పేరు పెట్టుకునే వీల్లేక వేసుకున్నాను. మీ దాదాకి కూడా తెలియదు. ఆయనకి ఆ రంగు కనపడేది కాదు కదా. పింకీ విన్న అడుగుల సంగతి మాత్రం నాకు తెలియదు, అవి నావి కావు. పాత చెక్క నేల అయి ఉంటుంది.

మీ నాన్నకి తిరిగొచ్చాక నేనే చెబుతాను. సర్టిఫికెట్ దించుతాడో ఉంచుతాడో వాడి ఇష్టం. ప్రస్తుతానికి నిన్ను చూడాలనుందని టికెట్ తీయించాను. మన పాత పొరుగు సరోజ తాడేపల్లిగూడెంలో నా రైలు పెట్టెలోనే ఎక్కుతానంది, వాళ్ళమ్మాయి విశాఖలోనే ఉంటుంది. ఎక్కకపోతే ఏం చెయ్యాలో ఇంకా ఆలోచించలేదు. గోదావరి బ్రిడ్జి మీద కళ్ళు మూసుకుంటాను. నువ్వు స్టేషన్‌కి రా.

జోగారావు గారికి ముందుగా ఏమీ చెప్పకు. ఎదురుగా నిలబడి నేనే చెప్పాలి, తిడితే పడాలి. ఆ తర్వాత కూడా ఆయనకి ఇష్టమైతేనే, సాయంత్రం తోటలో కూర్చోబెట్టు. కుర్చీ వేసి కూర్చోబెట్టు, మెట్ల మీద వద్దు. పక్కన నువ్వు నిలబడు. నేను మగ్రిబ్‌కి ఆ మూడో కిటికీ దగ్గరే నిలబడతాను. మూడోసారి మునిగాక ఇక లేవదని కదా ఆయన లెక్క. ఈసారి నమాజు ముగించి లేస్తాను. లేచి మీ ఇద్దరి వైపు, సముద్రం వైపు తిరిగి మొహం చూపిస్తాను.

నా బండి ఆగస్టు ఇరవై అయిదు, గురువారం.