నీ గంగాళంలో రెండు డబ్బాల బియ్యం

సుగుణా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పాస్టరుగారి బదిలీ గొడవలో మన కంకిపాడు లూథరన్ సంఘం రెండు ముక్కలైంది. వంటకు ముందు చర్చికని తీసిపెట్టే పిడికెడు బియ్యం కూడా వేరువేరు డబ్బాల్లో తెస్తున్నారు. నువ్వు పిడికెడంటూ దోసెడు తీసేదానివి, అది వేరే కథ. ఇవాళ సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు కదా, పరధ్యానంగా రెండు డబ్బాలూ నువ్వు కాపురానికి తెచ్చిన గంగాళంలోనే కుమ్మరించేశాను.

"మా బియ్యం మాకిచ్చెయ్ బాబాయ్!" అంటూ ఇరుపక్షాల పెద్దలూ మీదికొచ్చారు.

"ఏరుకోండ్రా," అన్నాను.

ఆడవాళ్లు నవ్వి పొయ్యి వెలిగించారు. అన్నం ఉడికింది. కలిసి తినకపోతే వచ్చే ఆదివారానికి రెండు చర్చీలే. పెద్దలు గుమ్మం బయట చెరోవైపు నిలబడ్డారు. ఎప్పుడూ ముందు కూర్చునేదానివి నువ్వే. నీ చోటు వదిలి, చాపమీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఎవరో చెప్పులు విడుస్తున్నారు. ఒకవైపువాళ్లో, రెండువైపులవాళ్లో, తలెత్తి చూడాలంటే భయంగా ఉంది.