ఎడమవైపు వచ్చిన ఇరవై నాలుగు గంటల నొప్పి

నవంబర్ 12, మంగళవారం

పెళ్లయి మూడు నెలలు. సుస్మితకి నా మీద ఒకే ఒక్క కంప్లైంట్. ఎడమపక్కన పడుకుని నా ఛాతీకి చెవి ఆనిస్తే గుండె చప్పుడు సరిగ్గా వినపడదట. అసలుందా పవన్ అని రోజూ ఏడిపిస్తుంది.

పొద్దున్నుంచీ బొడ్డు చుట్టూ నొప్పి. వనభోజనాల్లో పులిహోర మూడుసార్లు వేయించుకున్నాను మరి.

నవంబర్ 13, ఉదయం

నొప్పి ఎడమవైపు కిందికి దిగింది. రెండు వాంతులు. అమ్మ వాము నమిలించింది. సుస్మిత ఫోన్లో వెతికి అపెండిక్స్ అంది. చల్లపల్లి నుంచి బసవయ్య మామయ్య ఫోన్లోనే కొట్టిపారేశాడు. అది కుడివైపు వస్తుందమ్మా, ఇది ఒట్టి గ్యాసు, సోడా తాగించండి అన్నాడు. మామయ్యది ఎరువుల షాపు. అయినా మా ఇంట్లో ఆయన మాటకి తిరుగులేదు.

సాయంత్రం

జ్వరం. మామయ్య మళ్లీ ఫోన్. అపెండిక్స్ అంటే ఇరవై నాలుగు గంటల నొప్పి, కొయ్యకపోతే ఆ లోపే మనిషి పోతాడు, మనవాడికి నిన్న పొద్దున మొదలైంది, ఇంకా బతికే ఉన్నాడుగా, కాబట్టి అది కానేకాదు అని తేల్చేశాడు. అమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. నాకూ లాజిక్ బాగానే ఉందనిపించింది, ఏం చేస్తాం!

సుస్మిత మామయ్య ఫోన్ కట్ చేసి ఆటో పిలిచింది. మా వంశంలో ఇంతవరకూ ఎవరూ ఆ పని చెయ్యలేదు.

నవంబర్ 15

బతికే ఉన్నాను. కుట్లు లాగుతున్నాయి.

ఆటోలో ప్రతి స్పీడ్‌బ్రేకర్‌కీ ప్రాణం పోయినంత పనైంది. డ్యూటీ డాక్టర్ జీవరత్నం గారు చిన్నావిడ. ఎడమవైపు నొక్కి చెయ్యి తీసేసరికి కెవ్వుమన్నాను. కిడ్నీలో రాయేమో అన్నారు. తర్వాత ఛాతీ మీద స్టెత్ పెట్టి మొహం చిట్లించారు. స్టెత్ పాడైందనుకుని నర్సుది తీసుకున్నారు. అదీ అంతే. మెల్లగా కుడివైపు జరిపారు. ఒక్కసారిగా ఆవిడ మొహం వెలిగిపోయింది. నన్ను స్కాన్‌కి పరుగులు పెట్టించారు.

నాకు గుండె కుడివైపు, లివర్ ఎడమవైపు. పుట్టుకతోనే అన్నీ అద్దంలో బొమ్మలా తిరగబడి ఉన్నాయట. అపెండిక్స్ కూడా ఎడమవైపే. వాచిపోయి ఉంది, తెల్లారేదాకా ఆగితే పగిలేదేనండీ అన్నారు. అప్పుడు వేసింది నాకు భయం. అంతసేపూ ధైర్యంగా ఉన్న సుస్మిత, కన్సెంట్ మీద సంతకం పెడుతూ ఏడ్చేసింది. సర్జన్ గారు ఎప్పుడూ నిలబడే వైపు కాక టేబుల్‌కి అవతలివైపు నిలబడి చేశారట.

ఇంటర్‌లో దగ్గొస్తే ఛాతీ ఎక్స్‌రే తీశారు. అప్పుడు ఫిల్మ్ తిరగబడిందనుకుని సరిచేసి పెట్టారు, మహానుభావులు.

నవంబర్ 16

మామయ్య జున్ను పట్టుకుని వచ్చాడు. తను చెప్పింది తప్పు కాదట. వైపు మారింది కాబట్టి టైమూ మారిందట. నవ్వలేక చచ్చాను, కుట్లు.

నవంబర్ 19, మధ్యాహ్నం

ఇంటికొచ్చాం. సుస్మిత దిండు తీసుకుని నా కుడిపక్కకి మారింది. ఛాతీకి చెవి ఆనించి వింటోంది. పెన్ను చప్పుడు ఆపమంటోంది.