ఎనభై రెండు కిలోల గాలి

పాల్వంచ,
జనవరి 18, ఆదివారం.

హేమలత వదినకు,

హరిలాల్ నమస్కరించి రాస్తున్నది. చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటారు. ఫోన్లో చెబుదామని మూడుసార్లు చేశాను. మీరు "ఏం హరీ, తిన్నవా?" అనగానే నా నోరు పడిపోయింది. వాట్సాప్‌లో పెడితే మీరు చదివినట్టు నీలం గీతలు పడతాయి, ఆ గీతలు చూస్తూ నేను కూర్చోలేను. కాగితమైతే మీరు ఎప్పుడు చదివారో నాకు తెలియదు. నాలాంటి పిరికివాడికి ఇదే మంచిది.

వదినా, కుసుమంచిలో మీ ముందుగదిలో గోడకు ఆనించి పెట్టుకున్న సైకిల్ భాస్కరన్నది కాదు. అది నాది. అన్నది నా వరండాలో ఉంది. ఈ రెండు ముక్కలు రాయడానికి నాకు పది నెలలు పట్టింది.

రెండూ ఒకే రోజు హైదరాబాదు నుంచి పార్సిల్లో వచ్చాయి కదా. ఒకే కంపెనీ, ఒకే నలుపు, ఒకే సైజు. ప్లాంటు గేటు దగ్గర అందరూ కవలలనేవారు. షిఫ్టు దిగి ఛాయ్ బండి దగ్గర కూర్చుంటే మాకు వేరే మాటే ఉండేది కాదు. ట్యూబు లేని టైర్లు మంచివా కావా, బ్రేకు నూనె ఎప్పుడు మార్చాలి, వెనక కూడా కుదుపు తగ్గించే షాక్ ఉన్న కొత్త మోడల్ మన గుట్టలకు అవసరమా. అన్న అవసరమనేవాడు, నేను దండగనేవాడిని. ఛాయ్ చల్లారిపోయేది.

బండ్ల తేడా అంతా లోపలే. మీకు తెలిసిందే అయినా రాస్తున్నాను, నా తప్పంతా అక్కడే ఉంది కాబట్టి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో స్ప్రింగు ఉండదు, గాలి ఉంటుంది. మనిషి బరువును బట్టి ఆ గాలి కొట్టుకోవాలి. అన్న ఎనభై రెండు కిలోలు, ఆయనకు పంపు ముల్లు మీద ఎనభై నాలుగు పాయింట్లు. నేను అరవై ఒకటి, నాకు అరవై రెండు పాయింట్లు. ఫోర్కు కాలికి చిన్న రబ్బరు ఉంగరం ఉంటుంది, మనిషి కూర్చుంటే ఫోర్కు ఎంత కుంగిందో అది జరిగి చూపిస్తుంది. గీసిన గీత దాకా రావాలి. గాలి తక్కువై మరీ కుంగితే, దిగుడులో రాయి తగిలినప్పుడు ఫోర్కు అడుగుకంటా పోయి మనిషిని ముందుకు విసిరేస్తుంది. ఇదంతా నాకు నేర్పింది ఆయనే.

అన్న పోయిన ఆ ఆదివారం గుట్ట ఎక్కేసరికి ఎనిమిదైంది. ఇప్పపూలు రాలే రోజులు. గుట్ట కింది గూడెం దూలయ్య, అతని భార్య ఆదెమ్మ చెట్ల కింద పూలు ఏరుతున్నారు. వస్తూ పోతూ మాకు నీళ్లిచ్చేది వాళ్లే. అంతకుముందు వారమే నేను ముందు చక్రానికి కొత్త టైరు వేయించాను, లోతు గుబ్బలది. అన్న కన్ను దాని మీదే ఉంది. "ఒక్క దిగుడు నాకియ్యరా హరీ, కిందికి పోయినంక నీది నీకిస్త" అన్నాడు. తీసుకోమన్నాను. అంతలో ఆదెమ్మ గంప నెత్తికెత్తమని పిలిస్తే అటు వెళ్లాను. దూలయ్యతో రెండు మాటలు మాట్లాడాను. పది నిమిషాలు పట్టి ఉంటుంది. తిరిగి వచ్చేసరికి అన్న నా బండి పక్కన గొంతుక్కూర్చుని ఏదో బ్యాగులో పెట్టుకుంటున్నాడు. "జల్దీ రారా, ఎండెక్కుతుంది" అన్నాడు.

ఆ ఫోర్కులో ఉన్నది నా బరువు గాలి అని నేను చెప్పలేదు. గుర్తు రాక కాదు వదినా, గుర్తొచ్చింది. మళ్లీ గాలి కొట్టడమంటే ఇంకో ఐదు నిమిషాలు ఆగాలి. అన్నకు తెలియదా ఏంది, అనుకుని ఊరుకున్నాను.

అన్న ముందు, నేను వెనక. ఆయన బండి నా కింద బండరాయిలా బిగుసుకుని ఉంది, ప్రతి రాయికీ నన్ను ఎగరేస్తోంది. వెనక నుంచి "అన్నా, నీ బండి నన్ను పడేస్తుంది!" అని అరిచాను. ఆయన గట్టిగా నవ్వాడు. చెయ్యెత్తి ఊపాడు. ఆ వెంటనే మలుపు. నేను మలుపు తిరిగేసరికి నా బండి దారికి ఒక పక్క, ఆయన ఇంకో పక్క బండ దగ్గర.

మీకు చెప్పింది వేరు. తన బండి మీదే మెల్లగా దిగుతూ ఎండుటాకుల మీద జారాడని, ఒక్క మాట కూడా లేదని చెప్పాను. దూలయ్య గూడెం నుంచి మంచం తెస్తే మోసుకుంటూ రోడ్డుకు దించాం. నేను దవాఖానాలో ఉండగా పడిపోయిన బండిని ఎవరో ఆటోలో వేసి అప్పుడు మీరున్న పాల్వంచ క్వార్టరుకు పంపారు, భాస్కర్ సారుదే కదా అని. రెండోది నా ఇంటికి చేరింది. ఆ రోజే కాదని ఉంటే అయిపోయేది. కాదంటే గాలి సంగతి ఎవరైనా అడుగుతారని భయపడ్డాను. నిజానికి అడిగేవాడెవడు? ఆ గాలి సంగతి తెలిసిందే ఇద్దరికి, అందులో ఒకరు పోయారు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆయన బండే తొక్కుతున్నాను. గాలి తగ్గించలేదు. పంపు తగిలిస్తేనే కొంత గాలి గొట్టంలోకి పోతుంది, అది అన్న చేత్తో కొట్టిన గాలి. ఆ ఫోర్కు నా బరువుకు లొంగదు. ఉంగరం గీత దాకా రాదు. ఇంకో మనిషి వచ్చి కూర్చుంటాడని చూస్తున్నట్టే ఉంటుంది. నా మణికట్లు రెండూ వాచాయి. మా ఆవిడ ద్వాలి నూనె రాస్తూ "ఆ బండి మీద నువ్వు పోతున్నవా, అది నిన్ను తీస్కపోతుందా?" అని అడిగింది.

దిగుడులో పెడల్ తొక్కడం ఆపితే చాలు, నా వెనక టికటికమంటూ ఇంకో బండి వస్తుంది. అది నా వెనక చక్రం చప్పుడేనని నాకు తెలియక కాదు, సైకిళ్లు విప్పి బిగించేవాడిని. అయినా తిరిగి చూస్తాను. ఒక్కోసారి పక్కకు తప్పుకుని దారి కూడా ఇస్తాను. కాసేపు నిలబడి, ఎవరూ రాకపోతే మళ్లీ కదులుతాను. మలుపు దగ్గర అన్న గుర్తుగా దూలయ్య ఒక రాయి పెట్టాడు. ఆ దారిన పోయేవాళ్లు తలా ఒకటి వేస్తే ఇప్పుడు మోకాలెత్తు కుప్పయింది. నేను ఒక్కటి కూడా వేయలేదు. ఏ ముఖంతో వేస్తాను?

వచ్చే ఆదివారం అన్న బండి తెచ్చి మీకు అప్పజెబుతాను. నాది తీసుకుపోయి ఆ గుట్ట మీది నుంచే తోసేస్తాను. ఇక జన్మలో సైకిల్ ఎక్కను. మీరు నన్ను గడప తొక్కనివ్వకపోతే బయటే పెట్టి వెళ్తాను. మీ అన్నం ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు. మీ మనిషిని నేను ఐదు నిమిషాల బద్ధకానికి పోగొట్టాను.

మీకు ముఖం చూపించలేని
హరిలాల్.


కుసుమంచి,
జనవరి 22.

హరీ,

ఉత్తరం అందింది. ఈ ఆదివారం రావద్దు. బండిని తోసేస్తాననే మాటలు కట్టిపెట్టు, అది ప్రస్తుతం నా ఇంట్లో ఉంది. నేను ఒకటి చూడాలి. చూశాక రాస్తాను.

హేమలత.


కుసుమంచి,
జనవరి 27.

మా హరికి,

నీ ఉత్తరం బడిలో హాజరు వేస్తూ విప్పాను. రెండో పేజీకి వచ్చేసరికి కోపంలో పిల్లల పేర్లు తప్పు పిలిచాను. ఒక రోజంతా నిన్ను తిట్టుకున్నాను. అవన్నీ ఇక్కడ రాయను, ద్వాలి చదువుతుందేమో.

తర్వాత ఒకటి తట్టింది. నేను అరవై కిలోలు, నీకంటే ఒకటి తక్కువ. మీ అన్న తన బండి సరిచేసుకునేటప్పుడల్లా ముందు నన్ను కూర్చోబెట్టేవాడు. ఉంగరం కొంచెమే జరిగితే "నీకు లొంగదే ఇది, దీనికి నా బరువే కావాలె" అని ఏడిపించేవాడు. ఈ పది నెలల్లో ఈ బండి మీద నేను ఎన్నిసార్లు కూర్చున్నానో ఎవరికీ చెప్పలేదు. ఒక చేత్తో గోడ పట్టుకుని, కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంటాను. ఒక్కరోజు కూడా ఉంగరం గీత దాకా రాలేదు. అందుకే ఇది ఆయనదేనని నమ్మాను. మరి ఇది నీదైతే, నీ అరవై రెండు పాయింట్లే ఇందులో ఉంటే, నాకు గీత దాకా రావాలి కదా?

ఆయన బ్యాగు దవాఖానాలో ఇచ్చింది ఇచ్చినట్టే పెట్టెలో ఉంది. ఇన్నాళ్లూ విప్పలేకపోయాను. మొన్న ఆదివారం పొద్దున విప్పాను. అందులో చిన్న పంపు ఉంది. దాని పక్కన నల్లటి మూత, బొటనవేలి గోరంత. బండి దగ్గరికి వెళ్లి చూస్తే ఫోర్కు మీద మూత లేదు. పంపు ఎట్లా తగిలించాలో నాకు వచ్చు, ఆయన ఎన్నిసార్లు పట్టుకోమనలేదు. ముల్లు డెబ్బై ఎనిమిది దగ్గర నిలబడింది. పది నెలల్లో కొంత దిగి ఉంటుంది, పంపు తగిలిస్తే కొంత పోతుందని నువ్వే రాశావు. అయినా డెబ్బై ఎనిమిది, హరీ.

నువ్వు ఆదెమ్మకు గంప ఎత్తుతున్న పది నిమిషాల్లో ఆయన చేసింది అదే. బ్యాగులో పెట్టుకోగా నువ్వు చూసింది పంపే. అన్నకు తెలియదా అనుకున్నావు చూడు, తెలుసు. తన బరువుకు గాలి కొట్టుకునే దిగాడు. నీకిచ్చిన బండిలో మాత్రం తగ్గించలేదు. మరిచిపోయి ఉంటాడనుకోకు, ఆ మనిషి అట్లాంటివి మరిచిపోడు. నిన్ను నాలుగు రాళ్ల మీద ఎగరేసి తమాషా చూద్దామనే. అందుకే నువ్వు అరిస్తే అంత నవ్వాడు.

ఇక నీతో నా పోట్లాట. బండ్లు మారిన సంగతి దాస్తే దాచావు. ఆయన నవ్విన సంగతి ఎందుకు దాచావు? ఒక్క మాట లేదని చెప్పావు. ఆ దిగుడులో ఒక్కడే భయపడుతూ పోయాడనుకుని పది నెలలు బతికాను. కళ్లు మూస్తే ఆయన బెదిరిన ముఖమే కనపడేది. ఆ ముఖం నువ్విచ్చిందే, హరీ. దానికి మాత్రం నిన్ను అంత తొందరగా వదలను.

నవ్వుతూ చెయ్యెత్తాడని రాశావు. స్కూటర్ మీద పోతున్నా అంతే ఆయన, రోడ్డు మీద ఎవరు పిలిచినా ఒక చెయ్యి వదిలేసేవాడు. వెనక కూర్చుని వీపు మీద ఎన్ని దెబ్బలు వేశానో. మలుపు దగ్గరికి ఒంటి చేత్తో వెళ్లాడు. నువ్వే రాశావు, నీకే కనపడలేదు. ఇప్పుడు పిలిచినందుకు తప్పు నాదేనని ఇంకో ఉత్తరం మొదలుపెట్టకు. పిలిస్తే పలికే మనిషి, పలికాడు.

ఆయన బండిలో గాలి తగ్గించు. నీ బరువుకు పెట్టుకుని తొక్కు. ఆ చేతులు బాగుంటేనే కదా ప్లాంటులో పని. మలుపు దగ్గర కుప్ప మీద నీ తరఫున ఒక రాయి, నా తరఫున ఒక రాయి వెయ్యి. తర్వాతి ఆదివారం ద్వాలిని తీసుకుని అన్నానికి రా. ఆ నవ్వు ఎట్లుందో నాకు నోటితో చెప్పాలి. నువ్వు అరిచింది అరిచినట్టే చెప్పు, ఎత్తింది ఏ చెయ్యో కూడా.

నీ బండి మాత్రం ఇప్పుడే ఇవ్వను. నీకు గాలి తీయమని చెప్పిన దాన్ని, ఇందులో ఆయన కొట్టిన గాలి తీయడం నాకు చేతకాలేదు. మూత నేనే బిగించాను. ఇక కొలవను. దానంతట అది దిగుతూ ఉంటుంది కదా. నేను కూర్చుంటే ఉంగరం గీత దాకా వచ్చిన రోజు కబురు పెడతాను, వచ్చి తీసుకుపో.

మీ వదిన
హేమలత.