మూడో ఫోల్డర్

జూన్ 20

ప్రియమైన మరమేకుకి,

ఈ 'ప్రియమైన' నాది కాదు, లాయరమ్మది. విడాకులు తేలేదాకా ఏం మాట్లాడుకున్నా ఉత్తరాల్లోనే మాట్లాడుకోండి, మర్యాదగా మొదలుపెట్టండి అంది. ఫోన్‌లో నేను అరుస్తాను, నువ్వు మధ్యలో పెట్టేస్తావు. ఆ రెండూ సాక్ష్యానికి పనికిరావట. సరే, మర్యాద అయిపోయింది. విషయానికొస్తాను.

నువ్వు బిగించిన కంప్యూటర్ సోమవారం పొద్దున కుప్పకూలింది. సిస్టమ్ మళ్లీ ఎక్కిద్దామని పెన్‌డ్రైవ్ పెడితే, డిస్కులేవీ కనిపించడం లేదు, స్టోరేజ్ కంట్రోలర్ డ్రైవర్ ఇవ్వండి అని అడుగుతోంది, డిస్కుని గుర్తుపట్టే ఫైలట అది. మదర్‌బోర్డుతో వచ్చిన సీడీ పాత అట్టపెట్టెలో దొరికింది. అందులో మూడు ఫోల్డర్లున్నాయి. మూడింటికీ పేరు ఒకటే, చివర అంకెలు వేరు. నీలాగే, చెప్పాల్సింది చెప్పకుండా అంకెలు వేసి వదిలేశారు. ఏది పెట్టాలో ఒక్క ముక్కలో రాయి. ఇంకోటి, ఏడాదిగా కంప్యూటర్ వేసినప్పుడల్లా మొదట ఒక ఎర్ర లైను వస్తోంది. ఎంటర్ కొడితే పోయేది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

నా గోల నీకు పట్టదని తెలుసు, అయినా రాస్తున్నాను. నేను చేసే కృత్రిమ కన్నుకి రంగు వెయ్యాలంటే పక్కనున్న అసలు కన్ను చూసి వెయ్యాలి. ఒక పెద్దావిడకి ఎడమ కన్ను ఎప్పుడో పోయింది, అక్కడ ఉన్నది నేను చేసిందే. పదేళ్లకి అది వెలిసిపోయింది. కుడి కన్ను జబ్బు చేసి తెల్లబడిపోతే పోయిన నెలలో అదీ తీసేశారు. ఇక చూసి వెయ్యడానికి అసలు కన్ను లేదు. ఆవిడ కంటి ఫొటోలు, రంగుల కొలతలు ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. జులై 25న రెండు కళ్లూ అమర్చాలి. నా కళ్లు నాకే ఉండాలి, ఇంకెవరివో పెట్టొద్దు అని ఆవిడ ఒకటే మాట.

ఇట్లు,
రంగులమ్మ

&nbsp;

జూన్ 27

ప్రియమైన రంగులమ్మకి,

మా లాయరు కూడా అదే చెప్పాడులే, 'ప్రియమైన' అని రాయమని. ఖర్చు లేని పని కదా అన్నాడు.

మూడో ఫోల్డర్. మొదటిది పాత సిస్టమ్‌కి, రెండోది వేరే చిప్ ఉన్న బోర్డుకి. మూడోది మనది. దాన్ని అలాగే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, అడిగిన చోట చూపించు. నిమిషంలో డిస్క్ కనిపిస్తుంది. లోపలున్నవి రెండు డిస్కులు. నువ్వు ఒకదాంట్లో రాసిందల్లా అదే క్షణంలో రెండోదాంట్లోనూ పడేలా నేను జత కట్టాను. నీకు పైకి ఒకటిగానే కనిపిస్తాయి.

ఒక్కటి మాత్రం చెయ్యకు. బోర్డు సెట్టింగుల్లో కంట్రోలర్ ఏ పద్ధతిలో పని చెయ్యాలో ఉంటుంది. దాన్ని మార్చకు. మారిస్తే డ్రైవర్ లేకుండానే డిస్క్ కనిపిస్తుంది, ఖాళీదేమో అనుకుని దానిమీదే సిస్టమ్ ఎక్కిస్తావు. అంతా పోతుంది. ఎర్ర లైను సంగతి ఏమీ కాదు.

నీ పేషెంటు గురించి ఒక మాట. రెండు కళ్లూ పోయిన మనిషికి తన కంటి రంగు తెలిసేదెలాగ? ఏదో ఒక గోధుమ రంగు వేసి పంపించెయ్. నువ్వు ప్రతిదాన్నీ నెత్తిన వేసుకుని, మిగతావాళ్లంతా తప్పు చేసినట్టు తిరుగుతావు. ఎనిమిదేళ్లు చూశాను. మా అమ్మకి కూడా ఏం మందు పెట్టావో, కన్నకొడుకు పెట్టె సర్దుకుని పోతుంటే గుమ్మం దిగకుండా కోడలి దగ్గరే ఉండిపోయింది. ఇక్కడ నేను సర్వీస్ సెంటర్ పైగదిలో, జనం విరగ్గొట్టిన కీబోర్డుల మధ్య పడుకుంటున్నాను. బాగానే ఉన్నాను. ఎవరూ అడగలేదనుకో.

ఇట్లు,
మరమేకు

&nbsp;

జులై 2

ప్రియమైన దొంగకి,

లాయరమ్మ మర్యాద గురించి చెప్పింది గానీ, దొంగని ఏమని పిలవాలో చెప్పలేదు.

ముందు నా తప్పు చెప్పేస్తాను, దాచుకోను. నువ్వు మార్చకు అన్నావు కాబట్టే మార్చాను. మన పెళ్లయిన దగ్గర్నుంచీ నువ్వు ఏమీ కాదన్న ప్రతిసారీ ఏదో ఒకటి అయింది. గ్యాస్ వాసన ఏమీ కాదన్నావు. ఉద్యోగం పోయినప్పుడు ఏమీ కాదన్నావు, రెండు నెలలు తెలీనివ్వలేదు. ఈ మనిషి వద్దన్నాడంటే చెయ్యాల్సింది అదే అని నాకు ఒంట్లో పాతుకుపోయింది. వీధి చివర రిపేరతను కూడా "డ్రైవర్ ఎందుకు మేడమ్, సెట్టింగ్ మారిస్తే అదే కనబడుద్ది" అన్నాడు. కనబడింది. ఎక్కించాడు. పదేళ్ల ఫొటోలూ కొలతలూ ఒక్క పూటలో తుడిచిపెట్టుకుపోయాయి.

అప్పుడు నీ రెండో డిస్క్ గుర్తొచ్చింది. ఒకటి పోయినా రెండోదాంట్లో ఉంటుంది కదా అని పెట్టె విప్పించాను. కింది అర ఖాళీ. నాలుగు మరమేకులు మాత్రం ఒక మూల వరసగా, తలలన్నీ ఒకవైపు పెట్టి పేర్చి ఉన్నాయి. అలా పేర్చేవాడు లోకంలో నువ్వొక్కడివే. నువ్వు వెళ్లిన రోజు నుంచీ ఆ ఎర్ర లైను అరుస్తున్నది, జతలో ఒకటి లేదని. అది నీకు తెలుసు. తెలిసే ఏమీ కాదని రాశావు. రెండు డిస్కులున్నాయని కూడా రాశావు.

నీ ఉత్తరం ఆ పెద్దావిడకి చదివి వినిపించాను, గోధుమ రంగు మాటతో సహా.  అంతా విని "నాకు కనపడదు, నిజమే. నా ఎదురుగా కూర్చునేవాళ్లకి కనపడుతుంది కదమ్మా" అంది.

ఆ డిస్క్ ఈ వారంలో పంపు. 25 దాటితే నాకు అక్కర్లేదు.

రంగులమ్మ

&nbsp;

ఆగస్టు 4

ప్రియమైన రంగులమ్మకి,

ఆలస్యమైందని తెలుసు. పార్సిల్ మూడుసార్లు కట్టి మూడుసార్లు విప్పాను. నాకు సిగ్గేసింది. అది రాస్తే నువ్వు లాయరమ్మకి చూపిస్తావు. చూపించుకో.

డిస్క్ నేనే తీశాను. నీ పని చెడగొట్టాలని కాదు. ఆ ఇంట్లో సగం నాది అనుకున్నాను, తీసుకెళ్లడానికి సగానికి తెగేది అదొక్కటే దొరికింది. ఒకటి తీసినా నీ పని ఆగదని తెలిసే తీశాను. ఆ రోజు అందులో ఏముందో కూడా చూడలేదు. ఇప్పటికీ చూడలేదు, నమ్మితే నమ్ము. రెండున్నాయని ఎందుకు రాశానంటే, లేదని రాస్తే ఎక్కడికి పోయిందని అడుగుతావు.

ఇందులో రెండు డిస్కులు పెట్టాను. చిన్నది కొత్తది, పై అరలో పాతది తీసేసి పెట్టడానికి. పెద్దది నీది. కంట్రోలర్ సెట్టింగ్ మళ్లీ ముందున్నట్టు పెట్టు. మూడో ఫోల్డర్ డ్రైవర్ ఇచ్చి, సిస్టమ్ చిన్నదాంట్లో ఎక్కించు. అయ్యాక పెద్దది కింది అరలో పెట్టు. తుడవనా, జత కట్టనా అని కంప్యూటర్ అడిగితే దేనికీ ఒప్పుకోకు. ఈ ఒక్కసారి నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యి, తర్వాత జీవితాంతం చెయ్యకపోయినా సరే.

నీ పేషెంటు మాట మనసులో తగిలింది. నా తరఫున సారీ చెప్పు. తేదీ దాటిపోయింది, ఏం చేశావో తెలీదు.

ఇక్కడ కొత్త ఉద్యోగానికి నా సర్టిఫికెట్లు అడుగుతున్నారు. అమ్మ బీరువాలో పచ్చ కవరులో ఉంటాయి. వెతికి పంపమని అమ్మకి చెప్పు. నా మీద కోపం ఉన్నా ఆ మాత్రం చేస్తుందిలే.

మరమేకు

&nbsp;

ఆగస్టు 12

ప్రియమైన మరమేకుకి,

ఈసారి లాయరమ్మ చెప్పలేదు, నేనే రాశాను. ఎందుకు రాశానో అడగకు.

చెప్పింది చెప్పినట్టు చేశాను. మూడో ఫోల్డర్. నిమిషంలో అంతా కనిపించింది. ఎనిమిదేళ్లలో నువ్వు చెప్పింది చేసి బాగుపడ్డది ఇదే, అదీ పద్దెనిమిది రోజులు ఆలస్యంగా.

జులై 25న కళ్లు అమర్చడం ఆపలేదు. ఆవిడ కంటి రంగు నాకు సగమే గుర్తుంది. పదేళ్ల కిందట నా ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషి, తర్వాత రోజూ చూసే మనిషి అయిపోయింది. రోజూ చూసేవాళ్లని మనం సరిగ్గా చూడం. గుర్తున్నది వేరేవాళ్ల కళ్లు. అచ్చం ఆ రంగే, అంచున సన్నటి పచ్చ చారతో. ఎనిమిదేళ్లు భోజనాల దగ్గర ఎదురుగా కూర్చుని, అబద్ధం చెప్పేముందు ఎడమవైపు తిరిగే కళ్లు. వాటిని అసహ్యించుకుంటూనే తలుచుకుని వేశాను. నిన్న ఫొటోతో పోల్చి చూశాను. ఒక్క పిసరు ముదురు. అది నా కోపం అయి ఉంటుంది, మిగతాదంతా సరిపోయింది.

ఆ పెద్దావిడ మీ అమ్మ.

ఒక కన్ను ముందే కృత్రిమం అని రాశాను. నేను చేసిందే అని రాశాను. అయినా నీకు తట్టలేదు. మందు పెట్టానన్నావే, గుమ్మం దిగకపోవడానికి కారణం అప్పటికే మెట్లు సరిగ్గా కనపడక. నీకు చెప్తానంటే అత్తయ్య ఒప్పుకోలేదు. "మా అమ్మ ఎలా ఉందని వాడు ఒక్క ముక్క రాస్తే చెప్పెయ్యి, రాయకపోతే వద్దు" అంది. నీ రెండు ఉత్తరాలూ మొదటి నుంచి చివరిదాకా చదివించుకుంది. ఆ ముక్క వస్తుందేమో అని. గోధుమ రంగు మాట ఎవరికి చదివి వినిపించానో ఇప్పుడు తెలిసింది కదా.

రెండోది చదువుతున్నాను. సర్టిఫికెట్ల మాట రాగానే లేచింది. నేను వెతుకుతానంటే వినలేదు, వాడు నన్ను అడిగాడు కదా అంది. గోడ పట్టుకుని వెళ్లి, బీరువా తెరిచి, ఒక్కో కవరూ తీసి వేళ్లతో తడిమి, మూలలు చూసి, మళ్లీ పెట్టి, అలా చాలాసేపు. చివరికి ఒకటి నా చేతిలో పెట్టి "ఇదేనమ్మా, పచ్చదేనా?" అని అడిగింది. అవునన్నాను.

అది తెల్ల కవరు. లోపలున్నవి వాషింగ్ మెషిన్ గ్యారంటీ కాగితాలని పైన రాసి ఉంది. నీ అసలు సర్టిఫికెట్లు కింది అరలో దొరికాయి, అవీ ఇందులో పెట్టాను. కానీ ఆవిడ తీసిన కవరు కూడా అలాగే పంపుతున్నాను, అతికించి ఉన్నది తెరవకుండానే.

సర్టిఫికెట్లు అందాయని అత్తయ్యకి ఒక ఉత్తరం రాయి. సరైన కవరే పంపావని రాయి. అబద్ధాలు నీకు కష్టం కాదు. నేను చదివి వినిపిస్తాను.

రంగులమ్మ