పెద్దమ్మ వాకిట్లోని నమూనా నేల

పూజ్యులైన పెద్దమ్మకు మా అలంకార కాంక్రీటు కంపెనీ మార్కెటింగు విభాగం నమస్కరించి రాయునది.

చెక్కలా కనిపించే కాంక్రీటును మీ వాకిట్లో ఉచితంగా వేసి, చూడవచ్చిన వారికి చూపించమని కోరాం. నేను పంపిన పదకొండు మందీ ఆర్డరిచ్చారు. షోరూములో నేను గంటసేపు వివరించిన వారిలో ఒక్కరూ ఇవ్వలేదు. ఈ తేడా ఎందుకో తెలుసుకోవాలని మా మేనేజరుగారికి, అంతకన్నా నాకు, ఎంతో కుతూహలం కలిగింది.

నిన్న ఆర్డరిచ్చిన పంటి డాక్టరుగారిని విచారించాను. ఆయన కాసేపు నసిగి, మీ మాటలను యథాతథంగా అప్పజెప్పారు:

“చెక్కా లేదు, పాడూ లేదు, ఉత్త సిమెంటే నాయనా. తడిస్తే జారుతుంది కూడాను. కానీ రెండేళ్లు ఖాళీగా ఉన్నాక మావాడికి దొరికిన ఉద్యోగం. ఇదీ ఊడితే మళ్లీ మంచమెక్కి గోడకేసి చూస్తూ పడుకుంటాడు.”

నివేదికలో నేను ‘నాణ్యతపై నమ్మకం’ అని రాశాను. మేనేజరుగారు నమ్మలేదు. గురువారం స్వయంగా మీ వద్దకు వస్తున్నారు. నా ఉద్యోగం పర్మనెంటు చేయాలా వద్దా అన్నది ఆ తర్వాతే తేలుస్తారట.

ఆయనతో ఏం మాట్లాడాలో మూడు పేజీల సూచనలు తయారు చేశాను. పంపడం లేదు. మీకు తోచింది చెప్పండి.

ఇట్లు,
మీ చెల్లెలి కొడుకు,
గురువారం వరకు మార్కెటింగు అధికారి.