పడవ ముక్కు మీద బరువు

1965 ఏప్రిల్ 19, సోమవారం

చెప్పేది నేను, రాఘవమ్మను. రాసేది మిషన్ బడి టీచరు రెబెక్కమ్మ. నాకు అక్షరం రాదు. అయినా రేపు ఏదైనా జరిగితే, ముసలిది ముందే ఎందుకు చెప్పలేదని ఎవడూ అనకూడదు. అందుకే రాయిస్తున్నాను. నా తిట్లు కూడా రాయమన్నాను. టీచరు రాయనంటున్నది. సరే, తిట్టు వచ్చిన చోట గీత పెట్టమన్నాను.

ఈ వేసవికి ఏరు సముద్రంలో కలిసే మొగ ఇసుకతో పూడిపోయింది. చేపల సొసైటీ మోటారు పడవ సముద్రంలోకి పోయే దారి లేదు. దాన్ని రోడ్డు మీద వాకాడు తీసుకెళ్ళి అక్కడ దించాలని సెక్రటరీ కామాక్షయ్య నిర్ణయించాడు. జీపు వెనక రెండు చక్రాల ట్రెయిలర్, దాని మీద పడవ, పడవ వెనక చెక్కకు బిగించిన మోటారు. ఆ మోటారు నడపడం నేర్చినవాడు మా జాలరి కుప్పంలో నా కొడుకు చెంగయ్య ఒక్కడే. నాకు ఉన్నదీ వాడొక్కడే.

ఏప్రిల్ 21, బుధవారం, సాయంత్రం

ఈ రోజు ముత్తుకూరు దాకా లాగి చూశారు. మోటారు వెనక. పెట్రోలు డబ్బాలు, లంగరు, వలలు అన్నీ వెనకే. మోటారు ఊగకుండా పట్టుకోవడానికి చెంగయ్య కూడా వెనకే. ముక్కు మాత్రం ఖాళీ. పసుపు కుంకుమ పెట్టిన ముక్కు మీద బరువు మోపకూడదు, కాలు పెట్టకూడదు. అక్కడ గంగమ్మ కూర్చుంటుందని మా తాతల నాటి నుంచి నమ్మకం. నీళ్ళ మీద అది చెల్లింది.

రోడ్డెక్కి జీపు వేగం అందుకోగానే ట్రెయిలర్ తోక ఆడించిందట. ఒకసారి కాలువ వైపు, ఒకసారి ఎదురొచ్చే బస్సు వైపు. డ్రైవర్ పరంజ్యోతి బ్రేక్ తొక్కకుండా మెల్లగా ఆపబట్టి నా కొడుకు మిగిలాడు. తిరిగి వచ్చాక పరంజ్యోతి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. ఎవరో జీపు నడుం పట్టుకొని విసిరేసినట్టుండింది పెద్దమ్మా అన్నాడు.

హుక్కు విప్పించి చూశాను. జీపుకు తగిలించే ట్రెయిలర్ నొగ నా ఒంటి చేతికి పైకి లేచింది. నా చేతికి! ఎండుచేపల బండి తోలి బతికినదాన్ని. వెనక బరువైతే కాడి ఎద్దు మెడ మీద నిలవదు, లేచి గొంతు పట్టుకుంటుంది. నొగ బరువు కొంత ఎద్దు మోయాలి. అప్పుడే బండి దాని వెనక బుద్ధిగా వస్తుంది. జీపుకైనా అంతే కదా?

ఏప్రిల్ 22

కామాక్షయ్య దగ్గరికి పోయాను. మోటారు విప్పి ముందు పెట్టించు అన్నాను. మోటారు కనపడకపోతే వాకాడోళ్ళ ముందు మన గొప్పేముంది అవ్వా అని నవ్వాడు. ట్రెయిలర్ మీద పడవనే ముందుకు జరుపు అన్నాను. కింది దుంగలు పడవ కొలతకే కొట్టారు, జరగదట. అయితే లంగరూ డబ్బాలూ ముక్కులో పెట్టండి అన్నాను. పరంజ్యోతి కూడా అదే మాట చెప్పాడు. నువ్వు కిరస్తానీవి, మా గంగమ్మ సంగతి నీకెందుకని వాడి నోరు మూశారు.

చెంగయ్య నా మీదికే లేచాడు. గంగమ్మ నెత్తిన లంగరు పెట్టమంటావా, నన్ను సముద్రం ఎక్కనియ్యవా అన్నాడు.

ఏప్రిల్ 23

మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు లంగరు, డబ్బాలు ముక్కులోకి మోశాను. సాయంత్రానికి తీసేశారు. ముక్కును పసుపు నీళ్ళతో కడిగారు. మొగుడు పోయినదాని చెయ్యి తగిలిందట. ———— ————.

ఏప్రిల్ 25

రేపే ప్రయాణం.

ఏప్రిల్ 26, ఉదయం

పడవ ముక్కులో కూర్చొని చెబుతున్నాను. రెబెక్కమ్మ కింద నిలబడి రాస్తున్నది. సెలవులకు వాకాడు పుట్టింటికి ఆమె కూడా జీపులో వస్తున్నది.

మగవాళ్ళంతా చుట్టూ చేరి దిగు దిగు అంటున్నారు. చెయ్యి వేసి దించండిరా చూద్దాం అన్నాను. ఒక్కడికీ చెయ్యి రాలేదు. చెంగయ్య నా మొహం చూడటం లేదు. పోయి వెనక మోటారు పట్టుకున్నాడు. పరంజ్యోతి వంగి హుక్కు చూశాడు. నొగ దిగింది పెద్దమ్మా, జీపు మీద బాగా కూర్చునింది, నువ్వు ఆణ్ణించి కదలబాక అన్నాడు.

అదే రోజు, వాకాడు

చేరాము. వెంకటాచలం దాటాక పెద్ద రోడ్డు మీద లారీలు రాసుకుంటూ పోయాయి. ట్రెయిలర్ అటూ ఇటూ కదల్లేదు. నా కొడుకు ప్రాణాలతో దిగాడు.

ఏప్రిల్ 28

పడవ గట్టునే ఉంది. మా కుప్పం నుంచి కూడా వచ్చినవాళ్ళు మేము పడవ ఎక్కం అన్నారు. విధవ కూర్చున్న చోట గంగమ్మ ఉండదట, లేచిపోయిందట. వాకాడు వాళ్ళదీ అదే మాట. రేపటికి పడవ వేటకు పోకపోతే వేరే కుప్పానికి ఇచ్చేస్తామని కామాక్షయ్య చెప్పాడు.

ఒక్కడినే పోతానన్నాడు చెంగయ్య.

ఒరే, మోటారు దగ్గర నువ్వొక్కడివే కూర్చుంటే ముక్కు లేస్తుంది, అల దాని కింద దూరి నీ మీదికే తిరగేస్తుంది అన్నాను. నేను వస్తాను, ముందు కూర్చుంటానన్నాను. నువ్వు చేసింది చాలమ్మా అన్నాడు. పోనీ లంగరైనా ముందు పెట్టరా అని కాళ్ళు పట్టుకున్నాను. కన్నకొడుకు కాళ్ళు. గంగమ్మ మళ్ళీ రావాలంటే ఆ చోటు ఖాళీగా ఉండాల అన్నాడు.

ఏప్రిల్ 29, పొద్దున

పోయినాడు. అలలు దాటాడో లేదో ఎండ తళుకులో కనపడటం లేదు. టీచరు రాయడం ఆపింది, తనకేమీ వినబడటం లేదంటున్నది. రాయి అన్నాను. మోటారు చప్పుడు వినబడుతున్నది. రాయి. వినబడుతున్నది. రాయి.